బావగారి తెగులు సాలు

మా బావగారు పోయిన కబురు మార్గశిరంలో ఒక ఉదయం, నేను పారాయణ ముగించి పుస్తకం మూస్తుండగా వచ్చింది. ఫోను చేసింది మా అక్కే. "మీ బావ లేవలేదురా" అంది. ఎనభైకి దగ్గర పడ్డవాడికి ఇటువంటి కబుర్లు కొత్త కావు. ఫోను మోగినప్పుడు చేసినదెవరన్న సందేహం కన్నా, ఇవాళ ఎవరి వంతన్న సందేహమే ముందు కలుగుతుంది. మంగళగిరి నుంచి భవానీపురం చేరేసరికి ఆయనను వసారాలో చాపమీద పడుకోబెట్టి ఉన్నారు. కాళ్ళ దగ్గర కూర్చున్నాను. వేల శ్లోకాలు కంఠస్థం చేసినవాణ్ణి, ఆ పూట ఒక్కటీ నాలుక మీదికి రాలేదు.

పాఠకులలో ఎక్కువమంది ఆయనను ఎరిగి ఉండరు. మినుముకు వచ్చే పల్లాకు తెగులును తట్టుకొనే విత్తనం కోసం ఉద్యోగమంతా, ఉద్యోగం విడిచాక కూడా, పాటుపడిన శాస్త్రవేత్త. వరి కోసిన మాగాణిలో మినుము వేసుకొనే మన రైతుకు ఆ తెగులు సంగతి వేరే చెప్పనక్కరలేదు. ఆకు మీద పసుపు చుక్కగా మొదలవుతుంది. పదిహేను రోజుల్లో మొక్కంతా పసుపెక్కి, కాయ పట్టకుండా నిలబడిపోతుంది.

ఏ ఆకు చేతికి వచ్చినా ఆయన ముందు వెనక్కి తిప్పి చూసేవారు. పెళ్ళి తాంబూలంలో తమలపాకైనా, ఎవరి కుండీలోని మందారాకైనా అంతే. "మనం పైనుంచి చూస్తాం, పురుగు కిందనుంచి చూస్తుంది" అనేవారు. రైతుబజారుకు ఆయన వెంట వెళ్ళడం నాకు తలవంపుగా ఉండేది. బెండకాయల గుట్టలోంచి పాలిపోయినవి ఏరి మరీ సంచిలో వేసుకొనేవారు. ఒకసారి అమ్మే ఆవిడ ఉండబట్టలేక, "ఏందండీ బాబాయ్‌గారూ, మంచియ్యి వదిలేసి సచ్చుయ్యి ఏరుకుంటున్నారు?" అంది.

"మంచివి ఎవరైనా కొంటారమ్మా. వీటినెవరు చూస్తారు?" అన్నారాయన.

ఇంటికి వచ్చాక అక్క సంచి బోర్లించి, "ఈయన్ని కూరలకి పంపితే రోగుల్ని తెస్తాడు" అని విసుక్కొని, బెండకాయలు మళ్ళీ నాచేత తెప్పించింది.

మొక్కల జన్యువుల సంగతి నాబోటివాడికి అర్థమయ్యేటట్టు చెప్పినది ఆయన ఒక్కరే. "కొండల్లో దొరికే అడవి మినుముకి ఈ జబ్బు అంటదోయ్ పంతులూ. కానీ కాయ ఎండగానే పగిలి గింజ రాలిపోతుంది, ఆ గింజా ఇంతే ఉంటుంది. దాన్ని తెచ్చి మన ఊరి మినుముకిచ్చి పెళ్ళి చేశాం. పుట్టిన పిల్ల సగం అడవిది. దానికి మళ్ళీ మనింటి సంబంధమే. దాని పిల్లకీ మేనరికమే. అట్లా తరం తరవాత తరం చేసుకుపోతే, రూపమూ రుచీ అంతా మనింటిదై, అడవి అమ్మమ్మ మొండితనం ఒక్కటి మిగలాలి."

"మిగిలిందని ఎట్లా తెలుస్తుంది బావగారూ?"

"జబ్బు వచ్చినప్పుడే తెలుస్తుంది. పచ్చగా ఉందంటే బలంగా ఉన్నట్టు కాదు. ఇంకా ఎవరూ వచ్చి తలుపు తట్టలేదేమో!"

ఆయన పెంచిన రకం ఒకటి కొన్నేళ్ళు మా ప్రాంతంలో నిలిచింది. తరవాత ఒక యేడు అదీ పసుపెక్కింది. కంకిపాడు నుంచి ఒక రైతు తెగులు మొక్కలు మోపు కట్టుకొని వచ్చి గుమ్మంలో పడేశాడు. "చూసుకోండి సార్, మీ బిడ్డల్ని" అన్నాడు. నేను కోప్పడబోతే బావగారు చేయి పట్టి ఆపారు. "నిజమే చెబుతున్నాడు. కూర్చోబెట్టి మంచినీళ్ళివ్వు" అన్నారు. రైతు వెళ్ళాక నాతో, "ఒక్క తాళమే వేశానోయ్. దొంగ దానికి చెవి చేయించుకున్నాడు. ఈసారి రెండు వేయాలి" అన్నారు. రెండు తాళాలంటే, వేరువేరు చోట్ల నుంచి తెచ్చిన రెండు నిరోధక జన్యువులు ఒకే గింజలో ఉండడం. పదవీ విరమణ తరవాత ఆయన శేషజీవితం ఆ రెండో తాళం పడిందా లేదా అన్న ప్రశ్న చుట్టూనే తిరిగింది. అందుకు తన చేలో అరెకరం విడిచిపెట్టినవాడు, ఆ మోపు తెచ్చి పడేసిన రైతే.

ఇక నేను చేసిన పని చెప్పాలి. చెప్పకుండా ఆయనను గూర్చి రాయడం న్యాయం కాదు.

పోయిన యేడు మాఘంలో ఆయన గుండెజబ్బుతో ఆస్పత్రిలో చేరారు. "రెండ్రోజులకోసారి చేను చూసి రావోయ్. మందు మాత్రం కొట్టించకు" అని నాకు అప్పగించారు. వెళ్ళి చూశాను. రెండు సాళ్ళు నిగనిగలాడుతున్నాయి, మూడో సాలు నిండా పసుపు. మళ్ళీ రెండు పచ్చన, ఒకటి పసుపు. చేను ఆ చివరి దాకా అంతే. జీవితమంతా పద్యపాదాలలో గణాలు లెక్కపెట్టినవాణ్ణి. ఎక్కడా తప్పని ఆ నడక ఒకరు కావాలని కూర్చినదని నాకు తట్టలేదు. వ్యవసాయ కుటుంబంలో పుట్టినవాడికి తట్టినది వేరు. తెగులు మొక్క కంటబడితే పీకి పారేయాలని మా నాన్నగారు నాకు అక్షరాల కన్నా ముందు నేర్పారు. మందు వద్దన్నారు కనుక మందు జోలికి పోలేదు. కలుపు తీస్తున్న నాగరత్నాన్ని పిలిచి పసుపు సాళ్ళన్నీ పీకమన్నాను.

"పెద్దాయన ఈటి జోలికి పోవద్దన్నారండీ" అంది.

"మంచి మొక్కల జోలికి పోవద్దని అనుంటారు. పీకు."

"చదువుకున్నోళ్ళు, మీరు పీకమంటే పీకుతాను. రేపు నన్నడిగితే మాత్రం మీ పేరే చెప్తానండోయ్!"

సాయంత్రానికి చేనంతా కంటికింపుగా తయారైంది. అదే సంతోషంతో ఆస్పత్రికి వెళ్ళి చెప్పాను. ఆయన మంచం మీద లేచి కూర్చున్నారు.

"అన్నీనా?"

"ఒక్కటి మిగలకుండా."

"పరీక్ష హాల్లో ప్రశ్నపత్రాలు చించేసి, పిల్లలందరూ పాసయ్యారని వచ్చావన్నమాట."

అప్పుడు చెప్పారు. ఆ పసుపు సాళ్ళను వాళ్ళ భాషలో తెగులు సాళ్ళంటారు. జబ్బు తప్పక పట్టే పాత రకం విత్తనం వెతికి తెచ్చి, ప్రతి రెండు సాళ్ళ పక్కన ఒక సాలు ఆయనే వేయించారు. అది జబ్బు పడాలి. దానిమీద వాలిన తెల్లదోమ ఆ జబ్బు మోసుకొని పక్క సాళ్ళకు ఎగరాలి. అప్పటికీ అవి పచ్చగా నిలిస్తేనే రెండు తాళాలూ పడ్డట్టు. జబ్బునే లేకుండా చేశాక మిగిలిన పచ్చదనానికి సాక్ష్యం విలువ లేదు.

"క్షమించండి బావగారూ" అన్నాను.

"నీ పద్యంలో యతి తప్పితే కూర్చున్నచోటే దిద్దుకుంటావు. నేను మళ్ళీ వరికోతల దాకా ఆగాలి" అన్నారు. ఆ గొంతులో కోపం ఉంటే నాకు తేలికగా ఉండేది. అలసట తప్ప మరేమీ లేదు.

"ఆగండి. ఆగడం మీకేమన్నా కొత్తా?" అంది అక్క, మందుబిళ్ళ అందిస్తూ.

"నేను ఆగుతాను. ఇది ఆగొద్దూ?" అని ఆయన గుండె మీద చేయి వేసుకున్నారు.

ఆ తరవాత ఆ ప్రస్తావన ఆయన నోట రాలేదు. మిగిలిన సాళ్ళ గింజలు ఎండబెట్టి పొట్లం కట్టి, దానిమీద "పరీక్ష జరగలేదు" అని రాశారు. ఎవరి వల్ల జరగలేదో రాయలేదు. ఫలాన్ని ఆశించవద్దని నేను నలభై యేళ్ళు పిల్లలకు చెప్పి జీతం తీసుకున్నాను. ఆయన ఆ మాట ఎన్నడూ అనలేదు. ఫలం ఆశించారు, గట్టిగానే ఆశించారు. రాకపోతే మళ్ళీ విత్తారు. ఆ ఒక్క యేడు మళ్ళీ విత్తే వీలు ఆయనకు దక్కలేదు. చివరి వారంలో ఎవరు పలకరించినా, "కోతలు ఎందాకా వచ్చాయి?" అనే అడిగేవారు.

ఆయన పోయిన నాలుగో రోజున అక్క నన్ను లోపలికి పిలిచింది. "కంకిపాడు ఆయన ఫోన్ చేశాడు. చేలో వరి మోపులు ఎత్తేశారట. తేమ నాలుగు రోజులకి మించి ఉండదట. రేపే వెళ్ళు."

"దినకర్మలు అయిపోనీ అక్కా. మైలలో విత్తనం చల్లడం..."

"గింజకి మైలేవిట్రా? వెళ్ళు. ఈసారి మాత్రం నీ తెలివి వాడకు."

వెళ్ళాను. రెండు సాళ్ళు బావగారి గింజ, ఒక సాలు జబ్బుపడే పాత రకం, ఆ వరసలోనే దగ్గరుండి వేయించాను. ఇప్పుడు మళ్ళీ మాఘం. నిన్న వెళ్ళేసరికి పాత రకం సాళ్ళన్నీ పసుపెక్కి ఉన్నాయి. పక్కవి పచ్చగానే ఉన్నాయి. కాయ ముదిరేదాకా ఏమీ చెప్పలేం.

"పీకమంటారా పంతులుగారూ?" అంది నాగరత్నం, కొంగు నోటికి అడ్డం పెట్టుకొని.

"నువ్వు కూడా మొదలెట్టావూ?"

ఆమె నవ్వుతూ గట్టు దిగి పసుపు సాలు పక్కగా నడిచింది. చీరకుచ్చెళ్ళు తగిలి ఆకుల కిందినుంచి తెల్లదోమ లేచింది. జల్లెడలోంచి రాలిన పిండిలాగా ఏటవాలు ఎండలో కాసేపు ఆడి, మెల్లగా వచ్చి బావగారి పచ్చటి సాలు మీద వాలింది. తోలబోయి చేయి ఎత్తాను. ఎత్తిన చేతిని రెండో చేత్తో పట్టుకొని, అలాగే గట్టు మీద నిలబడ్డాను.