ఒకటి, మూడు, నాలుగు, రెండు

నా చిన్నప్పుడు అంకెలు వరసలో లేకపోతే నాకు మనసు ఊరుకునేది కాదు. బడికి వెళ్తూ కరెంటు స్తంభాల నంబర్లు చదివేవాణ్ణి. మధ్యలో ఒకటి తప్పితే వెనక్కి నడిచి చూసేవాణ్ణి. ఆ గుణమే ఒక పెద్దాయన చేత పని మాన్పించబోయింది.

మాది పాతపట్నం. మా తాతయ్య దగ్గర వాళ్ళ నాన్నగారు కొన్న పాత అంబాసిడర్ ఉండేది. దాని మీద చెయ్యి వేసేది ఒక్కరే, మేం మెకానిక్ తాత అని పిలిచే ఆయన. తాతయ్యా ఆయనా బావా అంటే బావా అనుకునేవారు. నేను అయిదో తరగతిలో ఉండగా ఆయనకు కళ్ళకు శుక్లాల ఆపరేషన్ అయింది. మూడు నెలలు ఏ బండినీ ముట్టుకోలేదు. ఆ తర్వాత చేసిన మొదటి పని మా కారే. ప్లగ్గులు గీకారు, వైర్లన్నీ విప్పి తుడిచి మళ్ళీ బిగించారు. బ్యాటరీ చార్జింగుకు వెళ్ళింది కాబట్టి ఆ రోజు ఇంజను స్టార్ట్ చేసి చూడలేదు.

ఆయన వెళ్ళాక నేను బానెట్ ఎత్తి చూశాను. ఇంజనులో పెట్రోలుకు నిప్పంటించే ప్లగ్గులు నాలుగు. డిస్ట్రిబ్యూటర్ అనే గుండ్రటి నల్లమూత నుంచి ఒక్కో ప్లగ్గుకు ఒక్కో వైరు. వైర్ల మీద ఆయనే ఎప్పుడో తెల్లరంగుతో అంకెలు వేశారు. మూత చుట్టూ అవి ఒకటి, మూడు, నాలుగు, రెండు అని ఉన్నాయి. పాపం, కళ్ళు ఆనక తప్పు పెట్టేశారనుకున్నాను. మూత దగ్గర మూడు వైర్లు పీకి, ఒకటి, రెండు, మూడు, నాలుగు వచ్చేలా గుచ్చాను. ఎవరికీ చెప్పలేదు. ఆయన పరువు కాపాడుతున్నానని నా లెక్క.

మర్నాడు పొద్దున బ్యాటరీ వచ్చింది. తాతయ్య తాళం తిప్పగానే ఇంజను దగ్గింది, కారంతా వణికింది, సైలెన్సర్‌లోంచి ఢామ్మని పేలింది. నానమ్మ చేతిలోని చేట జారి బియ్యమంతా నేలపాలైంది.

కబురు అంది మెకానిక్ తాత వచ్చారు.

"ఏటి బావా, కళ్ళు బాగుసేయించుకున్నావా, తీయించుకున్నావా?" అని తాతయ్య ఎగతాళి చేశారు.

"నీ మొకం ఇంకా అలగే కనబడతన్నాది, ఏటి సేస్తాను!" అని ఆయనా అంటించారు.

తర్వాత వరసగా చూసుకుంటూ పోయారు. కార్బరేటర్‌కు పెట్రోలు అందుతోందా? అందుతోంది. ఒక ప్లగ్గు తీసి, ఇంజను ఇనుముకు ఆనించి, తాళం తిప్పమన్నారు. నీలం నిప్పు టక్కుమంది. "పెట్రోలున్నాది, నిప్పున్నాది. మరేటి?" అని గొణుక్కుంటూ, ఒక్కో వైరునూ ప్లగ్గు నుంచి మూత దాకా వేలితో తడిమారు. రెండో వైరు దగ్గర చెయ్యి ఆగింది.

"నానే బావా. నానే తప్పు పెట్టీసినాను. నలభయ్యేళ్ళలో ఎప్పుడూ ఇలగ సెయ్యనేదు. కళ్ళు పోయినట్టే. ఇంక ఎవుల బండీ ముట్టుకోను."

తాతయ్య నవ్వు ఆగిపోయింది. ఆయన స్పానర్లు ఒక్కొక్కటే తుడిచి పెట్టెలో సర్ది, "ఇయన్నీ నువ్వే ఉంచు" అని పెట్టెను తాతయ్య వైపు జరిపారు. అంతవరకూ నా భయమల్లా దెబ్బలు పడతాయనే. తన చేతులు చెయ్యని తప్పును చేశాయని ఒక మనిషి నమ్మేస్తుంటే చూడడం, దెబ్బల కంటే భయంగా ఉంది.

"నానే మార్సినాను తాతా. అంకెలు వరసగా నేవని."

తాతయ్య చెయ్యి లేచింది. మెకానిక్ తాత దాన్ని గాలిలోనే పట్టుకున్నారు. "ఒరే, మల్లీ సెప్పు." చెప్పాను. మూడోసారి కూడా చెప్పించుకున్నారు. అప్పుడు మడ్‌గార్డుకు ఆనుకుని పెద్దగా నవ్వారు. నవ్వుతూనే కళ్ళు తుడుచుకున్నారు. "నా కళ్ళు బాగానే ఉన్నాయి బావా!" ఒక్క తిట్టు లేదు.

వైర్లు నా చేతే మళ్ళీ పెట్టించారు. "మూత సుట్టూ ఉన్నది పేలే వరసరా. లోపల పిస్టన్లు ఒకటీ నాలుగూ కలిసి పైకొస్తాయి. రెండూ మూడూ కలిసి పైకొస్తాయి. కలిసొచ్చిన రెండూ ఎంటెంటనే ఎలగ పేల్తాయిరా, నెక్కల మేస్టారా?" ఈసారి తాళం తిప్పితే ఇంజను మెత్తగా అందుకుంది.

ఇప్పుడు గరివిడిలో ఒక ఫ్యాక్టరీలో యంత్రాలు చూసుకునే ఉద్యోగం నాది. వరస తప్పినట్టు కనిపించిందల్లా తప్పు కాదని ఆ రోజే తెలిసింది. అది చిన్న పాఠమే. షిఫ్టులో నా వల్ల ఏదైనా చెడితే మాత్రం మొదటి నిమిషంలోనే చెప్పేస్తాను. తోటివాళ్ళు దాన్ని నిజాయితీ అంటారు. నిజానికి అది భయం. నేను నోరు విప్పేలోగా ఆ తప్పును ఇంకెవరో తమదనుకుని ఇంటికి మోసుకుపోతారేమోనని.