నారాయణఖేడ్ సంతలో సాయవ్వ గొంగడి

మంజీర మీద కట్ట లేచి ఊరు మునిగిన, గొంగళ్లు నేసే కురుమ కుటుంబాలు కొన్ని నారాయణఖేడ్ పక్కన గుడిసెలు వేసుకున్నాయి. హైదరాబాదులోని మా సంఘం వాళ్లకు ఏడాదిగా గంజి పోస్తోంది. ఎన్నాళ్లని పోస్తాం, వాళ్ల పని వాళ్లకు దొరకాలి కదా అని ఈసారి ఉన్ని కొనిచ్చాం. మొదటి గొంగళ్లు సంతకు వస్తున్నాయని కబురు తెలియగానే నాకు కాలు నిలవలేదు.

శంకరంపేట దాకా మోటారు బస్సు ఉంది. ఒళ్లు హూనమవుతుంది, అది వేరే సంగతి. రాత్రి సరాయిలో పడుకుని కోడికూతకు ఎడ్లబండి ఎక్కితే మధ్యాహ్నానికి ఖేడ్ చేరతారు. కిరాయి రూపాయి అడుగుతారు, పన్నెండణాలకు దిగుతారు. నాకు మా సంఘం సరుకు బండే దొరికింది. మూటల మీద మెత్తగా కూర్చున్నాను. కంది చేల మధ్య బండి ఆపి, బండి తోలే మల్కప్ప తన జొన్నరొట్టెలో సగం నాకిచ్చాడు. మూటల్లో ఏముందని అడిగాను.

“మిల్లు కంబళ్లు. చలికాలమని ఉత్తగనే పంచుతరట,” అన్నాడు.

పుణ్యమే కదా అనుకుని రొట్టె తిన్నాను.

సంతలో ఆ గుడిసెల నుంచి వచ్చిన సాయవ్వ గొంగడి పరుచుకుని కూర్చుంది. ఉన్ని తనే వడికింది, భర్త నేశాడు. చింతగింజల పిండి ఉడికించి పట్టించారేమో, బిరుసుగా నిలబడుతోంది. ఇది అమ్ముడుపోతే ఆ డబ్బుతో మళ్లీ ఉన్ని కొంటామని, ఇక గంజికి రామని చెప్పింది. కంగ్టి ఊరి రైతొకడు గొంగడి భుజాన వేసుకుని చూసి, ధర కూడా ఒప్పుకున్నాడు. అంతలో ఉత్త కంబళ్లకు రమ్మని మా బండి దగ్గర డప్పు మోగింది. ఇప్పుడే వస్తానని గొంగడి దించి పోయాడు. ఇక రాలేదు.

సంత విడిచేదాకా ఆగమని, కంబళ్లు పంచుతున్న మా సంఘం గుమాస్తాను బతిమాలాను. ఇవాళే పంచేయాలని పైవాళ్ల మాట అన్నాడు. పొద్దు వాలేసరికి సంతలో ఏ భుజం చూసినా మిల్లు కంబళే. సిగ్గుతో ఆ గొంగడి నేనే కొన్నాను. సాయవ్వ బేరమాడకుండా ఇచ్చేసింది.

“నువ్వొక్కనివి కొంటె ఏమైతదయ్యా? ఇగ గీ చలికి మా గొంగడి ఎవ్వరు కొంటరు? మగ్గం ఇప్పెయ్యుమని చెప్త మా ఆయనకు,” అంది. లేచి చీర దులుపుకుంటూ, “రేపు గంజి ఏ యాళకు పోస్తరు?” అని అడిగింది.

ఆ గొంగడి ఇప్పటికీ కప్పుకుంటున్నాను, వెచ్చగానే ఉంటుంది. కానీ కప్పుకున్నప్పుడల్లా ఆ ప్రశ్నే వినబడుతుంది. ఒక చేత్తో ఉన్ని ఇచ్చి రెండో చేత్తో లాక్కున్నాం. అటు సాయానికి వెళ్లేవాళ్లు ఒక్క పని చేయండి: మూటలు విప్పే ముందు సంతలో ఒక చుట్టు తిరగండి. అక్కడ ఎవరో అమ్ముకుంటున్నది మీరు ఉత్తగా పంచకండి.