వెనక సీటు బరువు

జోసెఫన్నకు ఖాళీ కారంటే నమ్మకం లేదు. వనపర్తిలో ఆయన షెడ్డుకు ఏ కారు వచ్చినా, ఏ రోగంతో వచ్చినా మొదటి ప్రశ్న ఒక్కటే.

"ఎనుక సీట్ల ఎవరన్న ఉన్నరా?"

ఎవరూ లేరంటే పానా ముట్టడు. బరువు లేని బండి తన బాధ చెప్పుకోదని ఆయన సిద్ధాంతం. పక్క హోటల్లో చాయ్ తాగుతున్నవాళ్లనో, చెప్పుల దుకాణం ఆయననో ఎక్కించుకుని తిప్పితే గాని రోగం చెప్పడు. ఒకసారి గణేశుడి చందాకు వచ్చిన గుంపునంతా ఎక్కించేశాడు. ఆ కారుకు వచ్చిన రోగం హారన్ మోగకపోవడం. ఇంతమంది లోపల అరుస్తుంటే ఇక హారన్ ఎందుకని ఆ కారాయన ఏడుపు మొహం పెట్టాడు.

నేను ఇక్కడి కాలేజీలో జంతుశాస్త్రం చెబుతాను. ఈ ఎండాకాలం నా కారు స్టీరింగ్ తిప్పినప్పుడల్లా కర్ర్‌మనడం మొదలుపెట్టింది. మా ఆవిడ మాలతికైతే ఎవరో పాత బీరువా తెరుస్తున్నట్టు వినిపించేదట. జోసెఫన్న దగ్గరికి తీసుకెళ్లాను.

"ఎప్పుడొస్తది సారు సప్పుడు?"

"తిప్పినప్పుడల్ల."

"ఎనుక మనుషులుంటెనా, లేకుంటెనా?"

"ఎట్లైన వస్తదన్నా."

"గట్ల చెప్తె గాదు. నాగర్‌కర్నూల్ దాక పోయొద్దాం పా."

స్టీరింగ్ ఆయనే పట్టాడు. దారిలో బిజినేపల్లి బస్టాండు దగ్గర ఆపాడు. తలకు తువ్వాల, చేతిలో సంచితో ఒక ముసలాయన మా కోసమే నిలబడ్డట్టున్నాడు. పల్లికాయల బస్తాకున్న బరువు కూడా ఉండడు.

"పెద్దనాయినా, స్టీరింగ్ సప్పుడు దొరుకుత లేదు. జర కూసుంటవా?"

ఆ పెద్దమనిషి పేరు కురుమయ్య. కూలి పనులు చేసి చేసి వంగిన మనిషి. తొందరపడలేదు. కారు చుట్టూ ఒకసారి తిరిగి చూశాడు.

"నాకు దవాఖాన్ల పనుంది. అయినా నువ్వడిగితె కాదంటనా" అంటూ ఎక్కాడు. తలుపు వేసుకుని నాతో అన్నాడు: "సారు, మాట్లాడకు. ఇనాలె."

నా కారులో నేనే నోరు మూసుకుని కూర్చున్నాను.

ప్రతి మలుపులో కురుమయ్య కళ్లు మూసుకుని తీర్పు చెప్పేవాడు. "ఎడమ చక్రం." తర్వాతి మలుపులో, "కాదు, కుడిది." ఒకసారి "మీదికెల్లి" అన్నాడు. కారు మీద ఆకాశం తప్ప ఏమీ లేదు. జోసెఫన్న అన్నిటికీ భక్తిగా తలూపాడు.

కురుమయ్యను దవాఖాన దగ్గర దింపి, మధ్యాహ్నం దాకా ఆ ఊళ్లో మలుపులు వెతుక్కుంటూ తిరిగాం. ఆయన బయటికి వచ్చాక మళ్లీ ఎక్కించుకున్నాం. పోయేటప్పటి సప్పుడు వేరు, వచ్చేటప్పటిది వేరు అన్నాడు జోసెఫన్న. అయినా దొరకలేదు. ఒక రోజు ఆగి మళ్లీ రమ్మన్నాడు. మళ్లీ బిజినేపల్లి, మళ్లీ కురుమయ్య, మళ్లీ నా మౌనం. మూడోసారీ అంతే.

ఆ ఆదివారం మా బావమరిది నిరంజన్ గద్వాల నుంచి వచ్చాడు. అక్కడ కార్లు బాగుచేస్తాడు. బానెట్ ఎత్తి, ముందు చక్రం మీది స్ప్రింగుపై చెయ్యి పెట్టి, వాళ్లక్కను స్టీరింగ్ తిప్పమన్నాడు.

"ఈడ చెయ్యి పెట్టి చూడు బావా. జివ్వుమంటుందా? పైన బేరింగు ఎండిపోయింది. దీనికి బండి కదల్సుడే వద్దు. నువ్వు నాగర్‌కర్నూల్ ఎందుకు తిరుగుతున్నవ్?"

నాకు ఒళ్లు మండింది. తెల్లారి నేరుగా షెడ్డుకు పోయాను.

"అన్నా, బేరింగట."

"అవు సారు."

"నీకెప్పుడు తెల్సింది?"

"మొదటి దినం నువ్వు షెడ్డుల మలుపుకునేటప్పుడె ఇనవడె."

"మరి నన్ను గిన్ని దినాలు తిప్పుడేంది?"

జోసెఫన్న చేతులు తుడుచుకున్నాడు.

"పెద్దనాయినకు కిడ్నీలు ఖరాబైనయి సారు. దినం తప్పిచ్చి దినం దవాఖాన్ల రక్తం శుద్ధి జేస్తరు. ఒకపారి వచ్చేటప్పుడు బస్సుల నిలవడి సొమ్మసిల్లిండు. కార్ల తోల్కపోత అంటె వద్దన్నడు. ఒకరి దయ మీద బత్కనంటడు. గందుకే, సప్పుడు పట్టనీకి ఎనుక మనిషి గావాలె, నువ్వు రావాలె అని ఆయిననే బతిమిలాడిన. ఇప్పుడు చూడు, ఆయిన లేకుంటె నా షెడ్డు నడ్వదని ఊరంత చెప్తుండు."

"మరి చాయ్ తాగెటోళ్లను ఎక్కిచ్చుడెందుకు?"

"ఒక్క పెద్దనాయిననే ఎక్కిస్తె అనుమానం రాదా సారు?"

కారు తాళం ఆయన చేతిలో పెట్టాను. ఆ పూటే ఆయన బేరింగు మార్చాడు. స్టీరింగ్ చప్పుడే లేకుండా తిరిగింది.

కురుమయ్య దవాఖాన రోజు రానే వచ్చింది. షెడ్డులో వేరే కారు లేదు. మాలతీ నేనూ వెళ్లి నిలబడ్డాం.

"అన్నా, స్టీరింగ్‌ల మళ్ల సప్పుడు."

జోసెఫన్న మా ఇద్దరి మొహాలు చూశాడు. ఏమీ అడగకుండా స్టీరింగ్ ముందు కూర్చున్నాడు.

బిజినేపల్లిలో కురుమయ్య ఎక్కి, మాలతి పక్కన సర్దుకుని కళ్లు మూసుకున్నాడు. ఒక మలుపు దాటింది. ఇంకొకటి దాటింది. ఆయన కళ్లు తెరిచాడు.

"జోసెఫూ, ఈ బండ్ల సప్పుడు లేదు. పనైపోయింది. ఆపు, నేను బస్సుకు పోత."

జోసెఫన్న నావైపు చూశాడు. నేను కిటికీవైపు చూశాను. మాలతి అందుకుంది.

"స్టీరింగ్ గాదు పెద్దయ్యా. బ్రేకు తొక్కితె వస్తుంది. మా ఆయనకు సరిగ చెప్పరాదు."

కురుమయ్య నావైపు జాలిగా చూశాడు. సంచి ఒళ్లో పెట్టుకుని వెనక్కి వాలాడు.

"బ్రేకుల సప్పుడు గట్ల జల్ది దొరకది బిడ్డా. చానా దినాలు తిరగాలె" అని, మళ్లీ కళ్లు మూసుకున్నాడు. "సారును మాట్లాడొద్దను."