స్పీకరుకు కుర్చీ వేయలేదు

పాసయ్యాను. ఇవాళ పొద్దున పదింటికి యూనివర్సిటీ మెయిల్ వచ్చింది. సిటీకి వెళ్ళే బస్సులో మూడుసార్లు చదివి, నమ్మకం కుదరక ఇంకోసారి చదివాను. ఆఖరి పేపరు కూడా గట్టెక్కింది. మా ఇంట్లో ఇదే మొదటి డిగ్రీ. ఈ దేశానికి వలస వచ్చి, శాండ్రింగ్‌హామ్ పేటలో ఓ రెస్టారెంట్లో వంట చేసే మా నాన్న చదువు పదో తరగతి దగ్గర ఆగింది, అమ్మది ఎనిమిది దగ్గర.

ఆ పేపరంటే పరీక్ష కాదు, నియూ పార్లమెంటు మీద రాసిన పరిశోధన వ్యాసం. పసిఫిక్‌లో అదో ఒంటరి దీవి, జనం రెండు వేలు కూడా ఉండరు. సభలో ఇరవై మంది సభ్యులు. పద్నాలుగు ఊళ్ళు ఊరికొకరిని పంపుతాయి, మిగతా ఆరుగురిని దీవి మొత్తం కలిసి ఎన్నుకుంటుంది. మూడేళ్ళకోసారి ఎన్నికలు, పార్టీలు లేవు. గెలిచినవాళ్ళే తమలో ఒకరిని ప్రభుత్వానికి పెద్దగా ఎన్నుకుంటారు, ఆయన వాళ్ళలోంచే మంత్రులను తీసుకుంటాడు.

ఇదంతా ఓ రోజు అన్నం దగ్గర చెబితే నాన్నకు మొదట పార్టీల సందేహమే వచ్చింది.

"పార్టీలే లేకపోతే ఎవర్ని ఎవరు తిట్టుకుంటారే?"

"అందరూ చుట్టాలే నాన్నా. బావ మీద బావ నిలబడతాడు."

"అంటే మన పంచాయతీ ఎలక్షనే కదా. దానికి యూనివర్సిటీ దాకా ఎందుకు, నన్నడిగితే చెప్పేవాణ్ణి."

నా పేపరులో ప్రాణమంతా నాలుగో చాప్టరులో ఉంది. ఇరవై మందిలో ఒకరు స్పీకరుగా వెళితే ఓటు వేసేవాళ్ళు పంతొమ్మిది మందే కాబట్టి, పది మంది కలిస్తే చాలు ప్రభుత్వం నిలబడుతుందని అందులో తేల్చేశాను. శుక్రవారం పేపరు ఇచ్చేశాను.

శనివారం పొద్దున పక్కింటి ఆంటీ చేమాకు పట్టుకుని వచ్చింది. ఆమె పుట్టింది నియూలోనే, మాతో మాటలన్నీ ఇంగ్లీషులోనే. పెరట్లో చేమ వేస్తుంది, ఆకు మా అమ్మకిస్తుంది, అమ్మ పులుసు పెట్టి గిన్నె వెనక్కి పంపుతుంది. వాళ్ళ సభ మీద రాశానని గొప్పగా లాప్‌టాప్ తెరిచి, నేను గీసిన సభ బొమ్మ చూపించాను. ఆంటీ కళ్ళజోడు పైకి తోసుకుని వేలితో కుర్చీలు లెక్కపెట్టింది.

"ఇరవయ్యే ఉన్నాయేంటి? ఒకరు నిలబడే ఉండాలా?"

"ఇరవై మందే కదా ఆంటీ. ఈయన స్పీకరు."

"ఈయనది ఏ ఊరు మరి?"

"ఏదో ఒక ఊరు."

"ఏ ఊరూ కాదు తల్లీ. మా స్పీకర్ని బయటినుంచి తెస్తారు. సభ్యుడినే ఎన్నుకుంటే ఆయన తన సీటు వదులుకోవాలి."

అమ్మ స్టవ్ కట్టేసింది. ఎమ్మెల్యేల్లోంచే ఒకరిని స్పీకరు కుర్చీలో కూర్చోబెట్టడం చిన్నప్పటి నుంచీ టీవీలో చూసినదాన్ని. ప్రపంచమంతా అంతేననుకున్నాను. దీవి రాజ్యాంగంలో మిగతావన్నీ చదివి, ఆ ఒక్క ముక్క తెలుసులే అని దాటేశాను. స్పీకరు బయటివాడైతే ఓట్లు ఇరవై. పది సరిపోవు, పదకొండు కావాలి. నా నాలుగో చాప్టరు మొత్తం తప్పు. ఆ పేపరు పోతే డిగ్రీ లేదు.

"ఎవరూ చూడరేమో" అన్నాను మెల్లగా.

డ్యూటీకి బయల్దేరుతూ షూ లేసులు కట్టుకుంటున్న నాన్న తలెత్తారు. "ఉప్పెక్కువైన కూర టేబుల్ మీదికి వెళ్ళిపోయిందనుకో. తినేవాడు చెప్పేదాకా ఆగుతామా? వెళ్ళి వెనక్కి తెచ్చుకోవడమే."

"వెనక్కి తెస్తే ఫెయిల్ చేస్తే?"

"మళ్ళీ వండు."

సోమవారం మా గైడ్‌కు ఉన్నదున్నట్టు రాశాను. పేపరు అప్పటికే దిద్దేవాళ్ళ చేతికి వెళ్ళిందని, సవరణ పేజీ ఒకటి జతచేయొచ్చని, ఆపైన వాళ్ళిష్టమని ఆవిడ జవాబిచ్చింది. ఆ సవరణ రెండు పేజీలయింది. ఆంటీ పక్కన కూర్చుని, వాళ్ళ ఊళ్ళో ఒకే మనిషి నిలబడి పోటీ లేకుండా గెలిచిన కబుర్లు చెబుతుంటే సగం టైమ్ నవ్వడానికే పోయింది. తర్వాత మూడు వారాలు అమ్మ రోజూ "వచ్చిందా?" అని అడగకుండా, నా మొహం చూసి వంటింట్లోకి వెళ్ళిపోయేది.

ఇవాళ్టి మెయిల్లో దిద్దినాయన రెండే వాక్యాలు రాశాడు. నాలుగో చాప్టరుకు మార్కులు తగ్గించాడట. తప్పును నేనే పట్టుకుని సరిదిద్దుకున్నానని కొన్ని తిరిగి ఇచ్చాడట. నేనే పట్టుకున్నానన్నది మాత్రం అబద్ధం, పట్టుకుంది ఆంటీ, ఆ సంగతి ఆయనకు రాయాలి.

బస్సు దిగగానే అమ్మకు ఫోన్ చేసి చెప్పేశాను. కొట్లో బిల్లింగ్ దగ్గర ఉంది, "ఆఁ" అని గట్టిగా అరిచింది, వెనక కస్టమర్లు ఏమైందని అడుగుతున్నారు. ఇంకా చెయ్యాల్సినవాళ్ళు:

నాన్న: ఫోను లాకర్లో ఉంటుంది, మూడింటి దాకా దొరకరు.

టౌరంగాలో కివీపండ్ల ప్యాకింగ్‌లో ఉన్న అన్నయ్య: టీ బ్రేకులో.

తెనాలి పెద్దమ్మ: అక్కడింకా తెల్లారలేదు.

మా గైడ్.

నెల రోజులకని నియూ వెళ్ళిన పక్కింటి ఆంటీ: అక్కడ ఇంకా నిన్నటి రోజే నడుస్తోంది, అయినా ముందు ఆమెకే చేస్తాను.