దారం కదిలితే పరుగే

పోతురాజు గారికి గాలం వేయడమంటే ప్రాణం. చేప కొరకడమంటే మాత్రం ప్రాణభయం. ప్రతి ఆదివారం పొద్దున్నే కృష్ణ ఒడ్డున కూర్చునేవారు. దారం ఇంత కదిలిందా, "వామ్మో, కొరికింది!" అని కేక పెట్టి, చెప్పులు వదిలేసి కరెంటు ప్లాంటు గోడ దాకా పరుగు. ఆ కేకకు నీళ్లలో ఉన్నవాళ్లంతా ఎందుకో ఏమిటో అడక్కుండా ఆయన వెనకే పరిగెత్తేవారు.

పుట్టింది ఉప్పాడ సముద్రపు ఒడ్డున. ఉద్యోగం శక్తినగర్‌లో, బాయిలరు గేజీల దగ్గర. ముల్లు కదిలితే ఉలిక్కిపడే అలవాటు నదికి కూడా పట్టుకొచ్చాడని తోటివాళ్లు నవ్వుకునేవారు.

క్వార్టర్ల బట్టలుతికే కృష్ణాబాయికి మాత్రం ఆయనంటే ఒళ్లుమంట. ఆ కేకలకు ఉరికి ఉరికి రెండు బకెట్లూ, ఓ ఇంజనీరు లుంగీ నదిపాలు చేసుకుంది.

"సారూ, ఏడాదాయె. ఒక్క చేపనన్న పట్టినవా?"

"ముందు కొరుకుడు తెలియాలమ్మాయ్." చూపుడు వేలికి దారం చుట్టుకుని ఆయన పాఠం మొదలుపెట్టారు. "పీతైతే గిల్లుతుంది. చిన్న చేపైతే టకటకా కొడుతుంది. పెద్దదైతే లాక్కుపోతుంది. బిగువుగా ఉన్న దారం వదులైపోయిందనుకో..." గొంతు తగ్గింది. "అది మనవైపే వస్తోందన్నమాట."

"గంత భయముంటే గాలమెందుకు సారూ?" పక్క బండ మీద బట్టలుతుకుతున్న అంజమ్మ అంది. "ఏదీ, ఎర డబ్బ చూపియ్యి!"

ఆయన డబ్బాను ఒళ్లోకి లాక్కున్నారు. "వానపాములమ్మా. కంపు."

ఆ ఎండాకాలం యంకప్ప మేక నీళ్లు తాగడానికి దిగి మళ్లీ ఒడ్డెక్కలేదు. మొసలి అన్నారు. ఎవరో వచ్చి బోర్డు పాతారు. కృష్ణాబాయి దాని మీద చీర ఆరేసింది. బోరు నీళ్లకు సబ్బు నురగ రాదు. నదికి రాకపోతే ఇంట్లో పొయ్యి వెలగదు.

మరుసటి ఆదివారం ఇంజనీరు గారింటి మందపాటి రగ్గుతో కృష్ణాబాయి మోకాలి లోతు నీళ్లలో దిగింది. "ఇయ్యాల ఎవ్వడు మొత్తుకున్నా ఇది ఇడువ" అనుకుంది.

"వామ్మో, కొరికింది!"

అంజమ్మ ఉరికింది. అందరూ ఉరికారు. కృష్ణాబాయి కదల్లేదు.

"ఉరుకు సారూ, ఉరుకు! నీ చేప ఎంబడి పడ్తది!"

ఎప్పుడూ వినిపించే ఆయన పరుగు చప్పుడు ఈసారి రాలేదు. ఆమె వెనక్కి తిరిగింది. పోతురాజు గారు పరిగెత్తలేదు. తన వేలి వంకే చూస్తున్నారు. అంతవరకూ తీగలా బిగిసి ఉన్న దారం మెత్తగా జారి నీళ్ల మీద తేలింది.

ఆమె రగ్గును మరింత గట్టిగా పట్టుకుంది. ఎదురుగా అల లేకుండానే నీరు ఉబ్బింది. కాళ్లు ఇసుకలో దిగబడిపోయాయి.

అప్పుడు పరిగెత్తారు పోతురాజు గారు. గోడ వైపు కాదు, నీళ్లలోకి. ఆమె జబ్బ పట్టుకుని ఈడ్చారు.

"రగ్గు సారూ!"

"దానికొదిలెయ్!"

ఇద్దరూ బండ మీద పడ్డారు. నీళ్లపై పరుచుకున్న రగ్గు ఒక మూల నుంచి చప్పుడు లేకుండా లోపలికి పోయింది. మళ్లీ తేలలేదు.

కృష్ణాబాయికి వణుకు. ఆయనకు అంతకు రెండింతలు. కాలు తగిలి ఎర డబ్బా మూత ఊడింది. లోపల వానపాముల్లేవు, బొరుగులూ పుట్నాలూ ఉన్నాయి. దారం లాగి చూస్తే చివర అర ఇటుక.

"సారూ, గాలమేది?"

"గాలం కడితే చేప పడుతుంది. నేను చేప పీకుతూ కూర్చుంటే నీళ్ల సంగతి ఎవరు చూస్తారు? ఏది వచ్చినా దారానికి తగలాలి, అంతే."

"మొసలుందని నోటితోని చెప్పరాదా?"

"పోయినేడే చూసి చెప్పా. నవ్వారు. బోర్డు పెడితే నువ్వు చీర ఆరేశావు. భయపడమంటే ఎవరూ భయపడరమ్మాయ్. భయపడేవాణ్ణి చూస్తే పరిగెడతారు." ఆగి, గుప్పెడు బొరుగులు నోట్లో పోసుకున్నారు. "నటన అనుకునేవు. నాకు నిజంగానే భయం."

తర్వాతి ఆదివారం అందరూ ఒడ్డు మీదికే నీళ్లు తోడుకుని ఉతుకుతున్నారు. "వామ్మో, కొరికింది!" అన్న కేకకు బకెట్లు విడిచి ఉరికారు. పోతురాజు గారూ డబ్బాతో సహా గోడ దాకా పరిగెత్తి, అక్కడ తన వేలు చూసుకున్నారు.

"దారం కదల్లేదే! కేకేసిందెవరు?"

"నేనే సారూ," అంది కృష్ణాబాయి ఆయాసపడుతూ. "నువ్వు బొరుగులు తింటుంటివి గద. గంతసేపు నీ బదులు నేను భయపడ్డ."