మొదటి కుట్టు

ఈ ఉదయం కొత్త కుట్టుమిషను అట్టపెట్టె విప్పగానే నూనె వాసన వచ్చింది. మస్తాన్ గారి చొక్కాలకు ఎప్పుడూ ఉండే వాసన. ఆయన మొన్న మిరప కోతలప్పుడు పోయారు. పరుచూరులో ఇప్పుడు నేను నడుపుతున్న ఈ కొట్టు ఆయనదే. నాకు పని నేర్పిందీ ఆయనే.

చేతిమిషన్లు ఈ ప్రాంతానికి కొత్తగా వచ్చిన కాలంలో వాళ్ళ తాత వాటిని బండిలో పెట్టుకుని ఊరూరా తిరిగి అమ్మేవాడట. మాటలతో ఎవరూ కొనరని వాకిట్లోనే కూర్చుని రవిక కుట్టి చూపించేవాడట. కొన్న ఇంటావిడ చేత మొదటి కుట్టు వేయించి, ఆ గుడ్డముక్క కత్తిరించి మిషను అరలో దాచేవాడట. ఈ కథ విని బజారంతా నవ్వేది. అందుకే బాగుకు వచ్చిన ప్రతి పాత మిషనుకూ మస్తాన్ గారు ముందు అరే తెరిచేవారు. ఎప్పుడూ ఏమీ ఉండేది కాదు. "ఒక్కటి దొరికితే చాలమ్మాయ్, మా తాతవి కోతలు కావని తేలిపోద్ది" అనేవారు.

ఒకరోజు పక్క ఊళ్ళో బాగుచేసిన మిషను ఇచ్చి ఇద్దరం వస్తుంటే, పాత సామాన్ల ఆటోలో ఇనుము మీద నల్లటి చేతిమిషను కనిపించింది. "ఆపరా!" అని ఆయన పెట్టిన కేకకు వీధి వీధంతా బయటికొచ్చింది. దాన్ని అప్పుడే ఆటోకి అమ్మేసిన ముసలావిడ వెంకాయమ్మ గారు తన గుమ్మంలోనే ఉన్నారు.

"తిరగదు సాయిబూ. ఆముదం పోసినకొద్దీ బిగుసుకుపోయింది."

"ఆముదమా! అది తలకు రాసుకునేది మామ్మా!"

"మా అత్త రెంటికీ రాసేది. ఆవిడ జుట్టు మాత్రం చివరిదాకా నల్లగానే ఉంది."

అర కూడా ఆముదంతో అతుక్కుపోయింది. కిరసనాయిలు పోసి కూర్చున్నాం. ఆటో అతను ఎండెక్కుతోందని గొణిగాడు, కానీ కదల్లేదు. అర ఊడి వచ్చింది. లోపల గోధుమరంగుకు తిరిగిన గుడ్డముక్క, దాని మీద వంకర కుట్టు!

"చూశావా అమ్మాయ్! చూశావా!" మస్తాన్ గారు ఆ ముక్కను వీధిలో అందరికీ పేరుపేరునా చూపించారు. "మా అత్తకి వాళ్ళత్త ఇచ్చిన మిషను. ఈ కుట్టు ఆవిడదే అయ్యుంటది" అన్నారు వెంకాయమ్మ గారు.

మిషను కొని కొట్టులో పెట్టుకుందామన్నాను. ఆయన నావైపు కోపంగా చూశారు. "బొమ్మలాగా పెట్టడానికా? మా తాత అమ్మింది కుట్టుకోవడానికి." ఆటో అతనికి అతని డబ్బు వెంకాయమ్మ గారి చేత తిరిగి ఇప్పించి, మిషను అరుగు మీదికి దించారు. చక్రం తిరిగేదాకా తుడిచారు. ఆయనకు చూపు ఆనక నేను దారం ఎక్కించాను.

"కూర్చో మామ్మా."

"నాకు రాదయ్యా. మా అత్త ముట్టనిచ్చేది కాదు."

"ఇప్పుడు ఆవిడ లేదుగా. తిప్పు!"

టకటకమని సూది కదిలింది. వెంకాయమ్మ గారు నోరు తెరిచి నవ్వారు. ఆటో అతను చిరిగిన సంచి తెచ్చి, "దీనికీ రెండు కుట్లు వెయ్యి మామ్మా" అన్నాడు. మస్తాన్ గారు ఆవిడ కుట్టిన ముక్కను కత్తిరించి పాత ముక్క పక్కనే అరలో పెట్టారు. రెంటినీ అక్కడే వదిలి వచ్చేశాం. దారిపొడుగునా ఆయన మాట్లాడుతూనే ఉన్నారు.

ఈ ఉదయం మిషను కొన్నావిడ సూది కింద గుడ్డ పెట్టడానికి భయపడింది. "పాడైతేనో?"

"పాడైతే బాగుచేస్తాను. కూర్చోండి" అన్నాను.

కుట్టి చూసుకుని, "వంకరగా వచ్చిందండీ" అంది.

దాన్ని కత్తిరించాను. ఈ కాలపు మిషన్లకు అర ఉండదు. సూదుల డబ్బాలో పెట్టి ఆమె చేతికిచ్చాను.