శౌరి పుండులో వెంట్రుకలు

శౌరి డ్రైవరు సీటు కాజేయడానికి లారీ క్లీనరు పిచ్చియ్య చేతబడి చేయించాడనీ, అందుకే శౌరి నడుం కింది పుండులోంచి వెంట్రుకలు వస్తున్నాయనీ పిడుగురాళ్లలో సున్నపు బట్టీల పక్క వీధంతా చెప్పుకుంది. వెంట్రుకలు వచ్చిన మాట నిజమే. మిగతాదంతా నోటికొచ్చిన కబురు.

శౌరి లారీ డ్రైవరు. క్వారీ నుంచి బట్టీకి రాయి, బట్టీ నుంచి గుంటూరుకి సున్నం. సీటు రెగ్జిన్ చిరిగి స్ప్రింగులు తేలినా, ఆ సీటంటే వాడికి ప్రాణం. ఒక వేసవిలో ఆ కుదుపుకీ, చెమటకీ పిరుదుల నడుమ, వెన్నెముక చివర సెగ్గడ్డ లేచింది. ఎక్కడని చెప్పుకుంటాడు? సిగ్గుతో లారీని నిలబడినట్టే తోలాడు.

భార్య దయామణి సున్నం, బెల్లం కలిపి పట్టు వేస్తానంది. అందరిళ్లలో వేసేదే. కాకపోతే ఆకువక్కల డబ్బాలో సున్నం అయిపోయిందని, శౌరి బట్టీ దగ్గర అప్పుడే కాలి దిగిన, ఇంకా నీళ్లు తగలని సున్నం గుప్పెడు తెచ్చాడు. గడ్డతో పాటు చుట్టూ తోలు కూడా కాలింది.

నరసరావుపేటలో సర్జన్ ముందు తిట్టి, తర్వాత గడ్డ కోసి చీము తీశాడు. తుడిచిన గుడ్డలో నల్లటి వెంట్రుకలు కనబడ్డాయి. దయామణి ఇంటికొచ్చి పక్కింటి పాపమ్మ చెవిన వేసింది. ఇక చూసుకోండి.

"ఊడిన వెంట్రుకలు కుదుపుకి తోల్లోకి దిగి, లోపల గూడు కట్టుకున్నాయి. కాలింది మానాక రండి, ఆ గూడే తీసేద్దాం" అని గడ్డ కోసిన రోజే చెప్పాడు సర్జన్.

మళ్లీ వెళ్లినప్పుడు విడమరిచి చెప్పాడు. "గూడు తీసి కుట్లేస్తే తొందరగా మానుద్ది. కానీ కుట్లు విచ్చుకోవచ్చు, జబ్బు తిరగబెట్టొచ్చు. కుట్లేయకుండా వదిలేస్తే అడుగు నుంచి కండ పెరగాలి. నెలలు పడుద్ది, రోజూ కట్టు మార్చాలి, కానీ మళ్లీ వచ్చే భయం తక్కువ. పక్క కండ జరిపి కప్పే పద్ధతి ఇంకోటుంది. అది పెద్ద ఆపరేషన్, గుంటూరులో అడగాలి."

"కుట్లే వెయ్యండి సారూ. నెలలంటే ఓనరు నా సీటు ఇంకొకడికిస్తాడు."

"మళ్లీ వస్తే ఏం చేస్తారు సారూ?" అంది దయామణి.

"మళ్లీ కోస్తాం."

ఆమె మొగుడి వంక తిరిగింది. "ఏందయ్యా, సీటుంటే చాలా? దాని మీద పెట్టేది బాగుండొద్దా?"

సర్జన్ నవ్వాపుకోలేకపోయాడు. కుట్లు లేకుండానే వదిలేయడానికి శౌరి తలూపాడు. లారీ తాళం పిచ్చియ్యకి పోయింది.

ఆపరేషన్ అయ్యాక శౌరికి లోకమంతా బోర్లా తిరిగింది. నులకమంచం మీద పొట్ట ఆనించి పడుకుంటే, నులక సందుల్లోంచి నేల కనిపించేది. మధ్యాహ్నం బట్టీల పొగ కిటికీలో తెల్లగా వాలి, ఆ నేల మెల్లగా జరగడం మొదలెట్టేది. అది మాచర్ల రోడ్డయ్యేది. పత్తిచేలు, మిరప కళ్లాలు, దూరాన నీలంగా కొండలు మంచం కింద నుంచి పారిపోయేవి. ఎక్కడో హారన్ మోగితే అది తన బండేనని గుర్తుపట్టేవాడు. నిద్రలోనే కాలు క్లచ్ కోసం దుప్పటిని తొక్కేది. దయామణి ఉప్పునీళ్లతో కడిగి, చుట్టూ వెంట్రుకలు గొరిగి, పుండులో గుడ్డ పెట్టేటప్పుడు మాత్రం రోడ్డు చటుక్కున ఆగిపోయేది. పెట్టే గుడ్డ రానురాను చిన్నదైంది.

ఒకరోజు పాపమ్మ మజ్జిగ చెంబుతో వచ్చి, మంచం పక్కన చతికిలబడింది.

"ఒరే శౌరీ, అడక్కుండా ఉండలేనురా. పిచ్చియ్య నీకు చేతబడి చేయించాడంట. నిజం చెప్పు."

శౌరి దిండు మీద నుంచి తల తిప్పాడు.

"ఆ వెంట్రుకలు నాయే పిన్నీ, తోల్లోకి దించింది ఆ సీటే. పిచ్చియ్య రోజూ బండెక్కే ముందు వచ్చి, ఎప్పుడు దిగమంటావన్నా అని అడుగుతుండాడు. నేనే ఇంకా చెప్పలా. మళ్లీ ఆ సీటెక్కాలంటే చానా భయమేసుద్ది, ఎక్కకుండా బతకాలన్నా భయమే."